మా చిన్నోడు ఇలా ఎందుకు మారిపోయాడు? క్లౌన్ ఫిష్ పెంచేవాళ్ళు చెప్పగలరా

మట్టికుండీ (విశాఖపట్నం), జూన్ 8

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఈ ఉప్పునీటి ట్యాంకు మా అబ్బాయిది. 2021లో ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ముచ్చటపడి పెట్టుకున్నాడు. తర్వాత ఆఫీసువాళ్ళు బెంగళూరు రమ్మన్నారు, ట్యాంకు నా చేతికొచ్చింది. మొదట్లో భయంగా ఉండేది. ఇప్పుడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో దాని ముందు కాసేపు కూర్చోకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు. ఏ వివరం పనికొస్తుందో తెలియక కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మూడడుగుల ట్యాంకు, 190 లీటర్లు. బీచి నుంచి తెచ్చిన నీళ్ళు కాదు, ఆర్వో నీళ్ళలో సముద్రపు ఉప్పు కలుపుతాను. ఈరోజు కొలతలు: ఉప్పు సాంద్రత 1.025, అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20, పీహెచ్ 8.2, నీళ్ళ వేడి 29 డిగ్రీలు. నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను తిప్పి పెట్టాను. రోజుకి మూడు లీటర్లు ఆవిరైపోతాయి, ఆ మేరకు ఉప్పు కలపని ఆర్వో నీళ్ళు పోస్తాను. లోపల రాళ్ళు, రెండు నత్తలు, ఒక క్లీనర్ రొయ్య, ఒక మూలన పక్కకి పడుకోబెట్టిన చిన్న మట్టి కుండీ ఉన్నాయి. సముద్రంలో క్లౌన్ ఫిష్‌లు కాపురముండే ఎనిమోన్ అనే పువ్వులాంటి జీవి మా ట్యాంకులో లేదు.

చేపలు మొదటినుంచీ రెండే, ఓసెల్లారిస్ అనే రకం క్లౌన్ ఫిష్‌లు, నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలు ఉండేవి. పెద్దది ఆడది, చిన్నది మగది అని అబ్బాయి చెప్పాడు. వాటిని పెద్దమ్మి, చిన్నోడు అని పిలుచుకున్నాం. కుండీ పెద్దమ్మిది. చిన్నోడు కుండీ బయట, అంచుకి ఆనుకుని పడుకునేవాడు. పెద్దమ్మి దగ్గరికొస్తే చాలు, వాడు పక్కకి ఒరిగి తల దించి ఒళ్ళంతా గజగజ వణికించేవాడు. రెండు మూడు సెకన్లు, అంతే. మొదటిసారి చూసినప్పుడు మూర్ఛ వచ్చిందేమో అని హడలిపోయి అబ్బాయికి వీడియో పంపాను. "అది దానికి పెట్టే దండం అమ్మా, కంగారుపడకు" అన్నాడు.

పోయిన నవంబరులో గాలివానకి రాత్రంతా కరెంటు లేదు. ఇన్వర్టరు ఫ్యాన్లకీ లైట్లకీ ఉంది, ట్యాంకు పంపులకి కూడా దాన్నుంచి వైరు లాగించుకోవాలని నాకు తట్టలేదు. తెల్లారి చూస్తే పెద్దమ్మి ఇసుక మీద పక్కకి వాలిపోయి ఉంది. చిన్నోడు నీళ్ళ పైన నోరు తెరుస్తూ మూస్తూ బతికే ఉన్నాడు. ఆ రోజు నేను స్కూలుకి వెళ్ళలేకపోయాను.

తర్వాత నాలుగు రోజులు వాడు ఏమీ తినలేదు. పంపు ఉన్న మూలలో, తల పైకి తోక కిందికి పెట్టి నిలబడిపోయాడు. అయిదో రోజు తిన్నాడు. పది రోజులకి కుండీ లోపల పడుకోవడం మొదలుపెట్టాడు, అప్పటిదాకా ఎప్పుడూ లోపలికి పోనివాడు. అక్కడినుంచి ఒక్కొక్కటే మారుతూ వచ్చింది. అద్దం తుడవడానికి చెయ్యి పెడితే వచ్చి కొరుకుతాడు. పెద్దగా నొప్పి పుట్టదు కానీ బొటనవేలి పక్క చర్మం మీద చిన్న గీత పడుతుంది. చెయ్యి కుండీ వైపు వెళ్తే అద్దం బయటికి కూడా టక్, టక్ అని చప్పుడు వినిపిస్తుంది. పెద్దమ్మి చేసేవన్నీ ఇవే. ఇంత నెమ్మదైన చేప ఇలా ఎందుకైపోయింది? ఒంటరితనం వల్లా?

తోడు ఉంటే కుదుటపడతాడనుకుని పోయిన ఆదివారం షాపుకెళ్ళాను. మగవాడికి ఆడది కావాలి, ఆడది పెద్దగా ఉంటుంది కదా అని, ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దదాన్ని అడిగి మరీ తెచ్చాను. అరగంటలో యుద్ధం మొదలైంది. ఒకదాని దవడ ఒకటి పట్టుకుని గిరగిరా తిరుగుతాయి. కొత్తదాని తోక చీలిపోయింది. ఇప్పుడది పైన మూలలో నిలబడి గబగబా ఊపిరి తీస్తోంది. చిన్నోడి పక్క రెక్క కూడా ఒకటి చిరిగింది. షాపతనికి ఫోన్ చేస్తే జబ్బు అయ్యుంటుందని నీలం రంగు మందు సీసా ఇచ్చి ట్యాంకులో పొయ్యమన్నాడు. ఇంకా పొయ్యలేదు. ఏం చెయ్యాలో చెప్పండి, రెండూ బతకాలి.

ఉప్పునీటి పిచ్చి (హైదరాబాద్)

టీచరుగారూ, మందు మూత తియ్యకండి. మూడు సంగతులు చెప్పండి. నవంబరు నుంచి ఇప్పటిదాకా మీ చేప పూర్తిగా ఒంటరిగానే ఉందా? ఇప్పుడు రెండూ ఎంతెంత పొడుగున్నాయి, సుమారుగా అయినా సరే? ఈ నాలుగు రోజుల్లో రెండిట్లో ఏదైనా రెండోదాని ముందు వణికిందా? మూడోది బాగా గుర్తుచేసుకుని చెప్పండి.

మట్టికుండీ (విశాఖపట్నం)

ఇంత తొందరగా జవాబిచ్చినందుకు చాలా థాంక్స్ అండీ. ఏడు నెలలూ ఒంటరిగానే ఉన్నాడు. స్కేలు అద్దానికి ఆనించి చూశాను. చిన్నోడు ఏడు సెంటీమీటర్ల కంటే కొంచెం తక్కువ, కొత్తది ఎనిమిది. నా నోట్‌బుక్కులో పోయిన అక్టోబరు పేజీలో చిన్నోడు అయిదు సెంటీమీటర్లని ఉంది. అంటే మూడేళ్ళు అయిదు దగ్గరే ఆగినవాడు ఏడు నెలల్లో రెండు పెరిగాడు. ఇప్పుడు రాస్తుంటేనే నాకు వింతగా అనిపిస్తోంది. వణకడం మాత్రం లేదు. రెండిట్లో ఏదీ ఒక్కసారి కూడా వణకలేదు. ఎదురుబొదురు నిలబడి రెక్కలన్నీ విప్పుకుంటాయి, అంతే.

ఉప్పునీటి పిచ్చి (హైదరాబాద్)

అయితే సంగతి తేలిపోయింది. మీ చిన్నోడికి జబ్బూ లేదు, దిగులూ లేదు. ఆడదైపోయింది. మీరు ఒక ఆడదాని ఇంటికి ఇంకో ఆడదాన్ని తెచ్చారు. ఈ రాత్రికే రెండిటినీ విడదియ్యాలి. కారణం తర్వాత తీరిగ్గా చదువుకోండి, ముందు కొత్తదాన్ని బయటికి తియ్యండి.

తీశారనుకుని రాస్తున్నాను. ఏ క్లౌన్ ఫిష్షూ ఆడదిగా పుట్టదు. అన్నీ మగవాటిగానే మొదలవుతాయి, కానీ ఆడది కాగలిగే సరంజామా ఒంట్లో ఉంటుంది. సముద్రంలో ఒక ఎనిమోన్‌లో అయిదారు చేపలుంటే వాటి మధ్య మెట్లలాగా వరస ఉంటుంది. అన్నిటికంటే పెద్దది ఆడది. రెండోది దాని మగది. మిగతా చిన్నవి వాళ్ళ పిల్లలనుకుంటాం, కాదు. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు నీటి వాలుకి కొట్టుకుపోయి ఎక్కడో వేరే ఎనిమోన్ వెతుక్కుంటాయి. ఈ చిన్నవి అలా ఎక్కడినుంచో వచ్చి వరసలో నిలబడ్డవి. పైమెట్టు చేప పోతే రెండోది ఆడదవుతుంది, మూడోది దానికి జత మగదవుతుంది. ఎనిమోన్ వదిలి తోడు వెతుక్కుంటూ వెళ్తే దారిలో ఇంకో చేప మింగేస్తుంది, అందుకని తోడు ఇంట్లోనే తయారయ్యే ఏర్పాటు ఇది. ఒకసారి ఆడదయ్యాక మళ్ళీ మగది కాదు. మీ చిన్నోడు వెనక్కి రాడు, ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు.

మీ నోట్‌బుక్కులో దొరికిన సంగతి నాకు చాలా విలువైనదిగా అనిపించింది. కింది మెట్టు చేప కావాలనే పెరగదు. తిండి లేక కాదు. పైదాని సైజుకి దగ్గరగా వస్తే తంతారు, తరిమేస్తారు. అందుకని తనంతట తనే ఎదుగుదల పట్టి ఉంచుకుంటుంది. మూడేళ్ళు అయిదు సెంటీమీటర్ల దగ్గర ఆగింది అందుకే. పైన ఎవరూ లేరని తెలిశాక పెరగడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు పంపు మూలలో తల పైకెత్తి నిలబడింది చూశారే, ఇలాంటి నిలబాటు కింద మెట్టు చేపల్లో నేను చాలాసార్లు చూశాను. ఆ మూల వదిలి కుండీలోకి వెళ్ళిన రోజున వరస మారింది. ముందు నడవడిక మారుతుంది, ఒళ్ళు ఆ తర్వాత నెమ్మదిగా మారుతుంది, దానికి వారాలో నెలలో పడుతుంది. ఏడు నెలలంటే ధారాళంగా సరిపోతుంది.

టక్ టక్ చప్పుడు పళ్ళది. దవడని ఠక్కున మూస్తే పళ్ళు కొట్టుకుని ఆ శబ్దం వస్తుంది. "ఇది నా ఇల్లు, దూరం జరుగు" అనడానికి చేస్తుంది. కొరకడం కూడా అదే. పెద్దమ్మి దగ్గర నేర్చుకున్నవి కావు, ఇంటి పెద్ద చేసే పనులు. కుండీకి దూరంగా ఉన్న వైపు అద్దం ముందు తుడవండి, కుండీ వైపు చివర్లో త్వరగా కానిచ్చెయ్యండి.

ఇక తోడు. అది కావాలంటే మీరు తేవలసింది పెద్దదాన్ని కాదు, దొరికిన వాటిలో చిన్నదాన్ని. మూడు సెంటీమీటర్లు మించకూడదు. ఏడు సెంటీమీటర్ల చేప దాన్ని పోటీగా లెక్కపెట్టదు. మొదట్లో తరుముతుంది, అది మామూలే. మీరు చూడాల్సింది ఒక్కటే: చిన్నది వణికిందా లేదా. వణికిందంటే ఒప్పందం కుదిరినట్టే. రెండిట్లో ఏదీ తగ్గకపోతే, ఇప్పుడు మీ ఇంట్లో జరిగినట్టు, ఒకటి చచ్చేదాకా ఆగవు.

హేచరీ కుర్రాడు (భీమిలి)

అక్కా, నేను మీకు పక్కనే, భీమిలి దగ్గర రొయ్యల హేచరీలో పనిచేస్తాను. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివాను. చదివే రోజుల్లో తమిళనాడులోని మండపం ఊళ్ళో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రానికి తీసుకెళ్తే అక్కడ క్లౌన్ ఫిష్ జతల్ని ట్యాంకుల్లో గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచడం చూశాను. అప్పటినుంచి వీటి మీద ఇష్టం. పైన అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. నేను కొత్త చేప ఆరోగ్యం గురించి మాత్రం చెప్తాను, ఎందుకంటే అది షాపు నుంచి తిన్నగా ట్యాంకులోకి వచ్చింది.

నీలం మందు ట్యాంకులో పోస్తే మొదట పోయేవి మీ రాళ్ళలో ఉన్న బాక్టీరియా. అవే అమ్మోనియాని సున్నా దగ్గర పెడుతున్నాయి. అందులో రాగి గనక కలిసి ఉంటే రొయ్యా నత్తలూ దక్కవు. చేపకి మందు వెయ్యాలంటే ఎప్పుడూ వేరే టబ్బులోనే వెయ్యాలి.

కొత్త టబ్బు కొనండి, సబ్బు తగిలింది వద్దు. 30 లీటర్లు పట్టేది చాలు. ట్యాంకు నీళ్ళే పొయ్యండి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వెయ్యండి, దాక్కోడానికి ప్లంబింగు పైపు ముక్క ఒకటి పెట్టండి. ఫిల్టరు ఉండదు కాబట్టి పొద్దున సాయంత్రం అమ్మోనియా చూడండి, కొంచెం కనిపించినా సగం నీళ్ళు మార్చండి.

ఇప్పుడు టార్చి తీసుకుని పక్కనుంచి వెలుతురు వేసి చూడండి. ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలుంటే అది తెల్ల మచ్చల జబ్బు. మెత్తటి పిండి చల్లినట్టు ఉండి, వెలుతురుకి తప్పుకుంటూ పంపు ప్రవాహంలోనే ఉంటుంటే అది వెల్వెట్, చాలా త్వరగా చంపేస్తుంది. తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా, క్లౌన్ ఫిష్‌కి ఎక్కువగా వచ్చేది అదే. ఈ మూడిట్లోనూ ఊపిరి గబగబా తీస్తుంది, అందుకని ఒక్క ఊపిరి చూసి జబ్బా దెబ్బలా అని చెప్పలేం. మొప్పలు పదిహేను సెకన్లలో ఎన్నిసార్లు తెరుచుకున్నాయో రెండు చేపలకీ లెక్కపెట్టి రాయండి. టబ్బులోకి మార్చిన రెండు గంటల తర్వాత మళ్ళీ లెక్కపెట్టండి. తగ్గితే తన్నుల భయం. తగ్గకపోతే నాకు ఎంత రాత్రైనా మెసేజ్ పెట్టండి.

ఇంకొక్క మాట అక్కా. ఉప్పునీళ్ళలో మంచినీళ్ళకంటే ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా తగ్గుతుంది. పెద్ద చేపకి ఎక్కువ కావాలి, అందుకే పంపు ఆగితే సాధారణంగా ముందు పెద్దదే పోతుంది. మీ తప్పని బాధపడకండి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు దొరుకుతుంది, కరెంటు పోగానే తనంతట తనే మొదలయ్యే రకం చూసి కొనండి. హేచరీలో మేం జనరేటరు లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోం.

ప్లానో నుంచి (టెక్సాస్)

నా దగ్గర ఆరడుగుల ట్యాంకు ఉంది. రెండు పెద్ద క్లౌన్ ఫిష్‌లు ఏడాది పాటు చెరో చివర ఉన్నాయి, చావలేదు. రాళ్ళు మొత్తం తీసి కొత్తగా పేరిస్తే ఎవరి ఇల్లు ఏదో మర్చిపోయి సర్దుకుంటాయని ఇక్కడ చాలామంది అంటారు. చేప డబ్బు పెట్టి కొన్నది కదా, ఒకసారి ప్రయత్నించి చూడొచ్చేమో అండీ.

ఇంకో విషయం. చిన్నదాన్ని కొనేటప్పుడు షాపు ట్యాంకు ముందు ఓ పది నిమిషాలు నిలబడండి. గుంపులో అన్నిటికీ వణుకుతూ దండం పెట్టే ఒక బుజ్జి చేప ఉంటుంది. దాన్నే అడగండి. నేను అలాగే తెచ్చుకున్నాను, రెండో రోజుకే కలిసిపోయాయి.

ఉప్పునీటి పిచ్చి (హైదరాబాద్)

రెండో సలహాకి నా ఓటు. మొదటిది మాత్రం వద్దు టీచరుగారూ. రాళ్ళు మార్చడం పాత చేప అహం కాసేపు తగ్గించడానికి పనికొస్తుంది. రెండూ ఆడవైనప్పుడు కాసేపటితో తీరదు. ఆరడుగుల్లో ఒకటి కంటికి కనపడకుండా బతికెయ్యగలదు. మూడడుగుల్లో ఎక్కడికి పోతుంది?

మట్టికుండీ (విశాఖపట్నం), జులై 13

అందరికీ చెప్పాల్సిన మాట ఆలస్యమైంది, పరీక్ష పేపర్లు దిద్దడంలో పడిపోయాను.

ఆ రాత్రే కొత్తదాన్ని టబ్బులోకి మార్చాను. మొప్పలు లెక్కపెట్టాను. ట్యాంకులో ఉండగా పదిహేను సెకన్లలో 38, చిన్నోడివి 21. రెండు గంటల తర్వాత కొత్తదానివి 24కి వచ్చాయి. టార్చి వేసి చూస్తే చుక్కలు లేవు, పొరలు లేవు. ఆ 24 చూశాకే నేను అన్నం తిన్నాను. తోక పది రోజుల్లో అంచునుంచి గాజుపొరలా పల్చగా పెరగడం మొదలైంది. హేచరీ తమ్ముడు తన స్నేహితుడితో మాట్లాడి పెట్టాడు, గాజువాకలో వాళ్ళింట్లో ఒంటరిగా చిన్న క్లౌన్ ఫిష్ ఒకటి ఉందట. దీన్ని అక్కడికి పంపాను. అక్కడ చిన్నది మూడో రోజున వణికిందని వీడియో పంపారు. నీలం సీసా షాపుకి తిరిగి ఇచ్చేశాను.

జూన్ 14న వేరే షాపుకి వెళ్ళి, ప్లానో ఆయన చెప్పినట్టు ట్యాంకు ముందు నిలబడ్డాను. పది నిమిషాలు కాదు, అరగంట పట్టింది. నిజంగానే ఒక బుజ్జిది పక్కనుంచి ఏ చేప వెళ్ళినా ఒరిగిపోయి వణుకుతోంది. రెండున్నర సెంటీమీటర్లు. మూడు వారాలు ఇంకో టబ్బులో విడిగా ఉంచాను. తర్వాత పప్పులు పోసుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాకి దబ్బనం కాల్చి చుట్టూ చిల్లులు పెట్టి, అంచులు గరుకు లేకుండా నూరి, బుజ్జిదాన్ని అందులో వేసి ట్యాంకులో కుండీకి ఎదురుగా వేలాడదీశాను. మొదటి రోజు చిన్నోడు డబ్బాని పొడిచి పొడిచి అలసిపోయాడు. టక్ టక్ చప్పుడు వంటింట్లోకి వినిపించింది. మూడో రోజుకి డబ్బా కింద తిరుగుతూ మేత తినడం మొదలుపెట్టాడు.

అయిదో రోజు రాత్రి, జులై 10న, లైటు ఆర్పాక డబ్బా మూత తీశాను. నాకు నిద్ర పట్టలేదు, అయిదింటికే వచ్చి కూర్చున్నాను. ఇంకా లైటు వెయ్యలేదు, కిటికీలోంచి వచ్చే వెలుతురే. బుజ్జిది ఇసుక దగ్గర ఉంది. చిన్నోడు కుండీలోంచి తిన్నగా దాని మీదికి వచ్చాడు. నేను వల చేత్తో పట్టుకుని లేచాను. బుజ్జిది పారిపోలేదు. ఉన్నచోటే పక్కకి ఒరిగి, పొట్ట వైపు పైకి తిప్పి, ముక్కునుంచి తోకదాకా ఒణికింది. చిన్నోడు దానికి రెండంగుళాల దూరంలో ఆగాడు. ఒకసారి చుట్టూ తిరిగి చూసి, కుండీలోకి వెళ్ళిపోయాడు. మూడేళ్ళు నేను పెద్దమ్మి ముందు వాణ్ణి చూసింది అదే వణుకు. వల పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఇప్పుడు బుజ్జిది కుండీ బయట, అంచుకి ఆనుకుని పడుకుంటోంది. సరిగ్గా ఆ చోటే. పగలు చిన్నోడు ఇంకా అప్పుడప్పుడు తరుముతున్నాడు కానీ రెక్కలేమీ చిరగలేదు, బుజ్జిది రోజుకి రెండుసార్లు ఆర్టీమియా (మేతగా వేసే బుల్లి రొయ్యల్లాంటి జీవులు) తింటోంది. బ్యాటరీ ఎయిర్ పంపు కొన్నాను, పోయిన వారం రాత్రి రెండింటికి కరెంటు పోతే అదంతట అదే మోగడం విని లేచాను.

అబ్బాయి నిన్న ఫోన్ చేసి ఎప్పట్లాగే "చిన్నోడు తిన్నాడా" అని అడిగాడు. "తిన్నది" అన్నాను.